పెరట్లో రాయా, పేవర్లా? ముందు నేల కింద ఏముందో చూడండి

ఇంటి చుట్టూ పరచడానికి రాయి బాగుంటుందా, పేవర్లు, అంటే కాంక్రీటు దిమ్మెలు, బాగుంటాయా అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ సంపు ఎక్కడుంది?

అడిగినవాళ్ళు కాస్త తికమకపడతారు. రంగు గురించో రేటు గురించో చెబుతానని ఫోన్ చేస్తే ఈవిడేంటి నీళ్ళ తొట్టి సంగతి అడుగుతోంది అనుకుంటారు. మాది బేతంచర్ల, నాపరాయి గనుల ఊరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి, రామమూర్తినగర్ అవతల మా ఆయన నడిపిన రాళ్ళ యార్డులో లెక్కలు రాసేదాన్ని. మొదట రాయి ఒక్కటే అమ్మేవాళ్ళం, తర్వాత పేవర్లు కూడా పెట్టాం. ఇప్పుడు యార్డు లేదు. కాబట్టి మీకు ఏదో ఒకటి అంటగట్టాల్సిన అవసరమూ నాకు లేదు.

బెంగళూరులో 30×40 అడుగుల సైటు తీసుకోండి. ఇంటి ముందు మిగిలే కాస్త జాగాలోనే సంపు ఉంటుంది. దాని పక్కనుంచే కావేరి నీళ్ళ పైపు వస్తుంది. డ్రైనేజీ చాంబర్లు ఒకటో రెండో ఉంటాయి. బోరు ఉంటే దాని పైపు, కేబుల్. ఎర్తింగ్ గుంత. వాన నీటి గుంత. ఇవన్నీ ఏదో ఒక రోజు తవ్వాల్సినవే. పైపు లీకయిందని ప్లంబరు వచ్చినప్పుడు, పైన పేవర్లు ఉంటే ఇసుక ఊడ్చి ఓ ఇరవై ముప్పై దిమ్మెలు తీసి పక్కన పేరుస్తాడు, పనయ్యాక మళ్ళీ అవే పెడతాడు. సిమెంటు మీద పరిచిన రాయి అయితే సమ్మెట తెస్తాడు. పగిలిన బండకు జత కలిసే బండ తర్వాత దొరకదు. అదే గనిలోది తెచ్చినా రంగు తేడా వస్తుంది.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. నేల కింద పైపులూ చాంబర్లూ ఉన్న చోట పేవర్లు. కింద ఏమీ లేని చోట, మనుషులు కూర్చునే చోట, రాయి. నాపరాయి ఊరి ఆడపడుచునై ఉండి ముందు వాకిట్లో పేవర్లు వేయించుకోమంటే మా అన్నయ్య నన్ను ఇప్పటికీ దెప్పుతాడు. కానీ ఆయన ఇంటి ముందు సంపు లేదు, చాంబర్ లేదు, వీధిలోనే కుళాయి.

సర్జాపుర రోడ్డులో ఇల్లు కట్టుకున్న మా ఆడపడుచు కొడుకు మొన్న ఇదే విషయం మీద వాదన పెట్టుకున్నాడు. "అత్తా, ముందూ వెనకా ఒకటే రాయి అయితే ఇల్లు గ్రాండ్‌గా ఉంటుంది కదా" అన్నాడు. "ఉంటుంది నాయనా. మొదటిసారి చాంబర్ పొంగే దాకా ఉంటుంది" అన్నాను. చివరికి ముందు పేవర్లు, వెనక సిట్‌అవుట్‌కి బూడిద రంగు గ్రానైట్ అని ఒప్పుకున్నాడు. రెండూ కలిసే చోట అడుగు వెడల్పు గ్రానైట్ పట్టీ ఒకటి వేయించమన్నాను. అతుకు కనపడదు, పేవర్లకు అంచు కట్టినట్టూ అవుతుంది.

ఇంకో విషయం కూడా నేల కిందదే. ఇల్లు కొత్తది అయితే పునాది చుట్టూ నింపిన మట్టి ఇంకా దిగుతూ ఉంటుంది. పూడ్చిన చెరువుల మీద కట్టిన లేఅవుట్లు ఈ ఊళ్ళో తక్కువేం కాదు. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు అని ఇక్కడ అందరికీ తెలిసిందే. అలాంటి నేలలో బంక మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. కొత్త ఇంటి చుట్టూ ఒక వానాకాలం గడిచాకే రాయి వేయించండి. అంత ఓపిక లేకపోతే పేవర్లే వేయించండి. కుంగిన చోట ఎత్తి, ఇసుక నింపి, మళ్ళీ పెట్టుకోవచ్చు.

అక్కడ ఎవరు నడుస్తారు, ఏం చేస్తారు

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే నున్నటి పాలిష్ రాయి ఆరుబయట వద్దే వద్దు. షోరూములో మెరిసే గ్రానైట్ వానలో తడిస్తే చెప్పు ఆగదు. ఆరుబయటికి ఫ్లేమ్డ్, అంటే మంటతో గరుకు చేసిన రాయి, లేదా ఉలితో గరుకు చేసిన రాయి తీసుకోండి. పై ముఖం తోలులా కనిపించే లెదర్ ఫినిష్ చూడ్డానికి బాగుంటుంది, తడిలో నాకు దానిమీద అంత నమ్మకం లేదు. కప్పు ఉన్న వరండాకైతే సరే.

ముగ్గు వేసేవాళ్ళను కూడా అడగండి. పేవర్ల మీద ముగ్గు కుదరదు. పిండి సందుల్లోకి జారుతుంది, గీత ఒక దిమ్మె నుంచి ఇంకో దిమ్మెకు పోయేసరికి వంకర పోతుంది. గుమ్మం ముందు నాలుగడుగుల చదరం మేర ఒకే బండో, దగ్గరగా కూర్చిన రెండు బండలో వేయించి, మిగతాది పేవర్లు వేసుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. సంక్రాంతికి ఆ చదరం విలువ తెలుస్తుంది.

కారు ఎక్కే చోటు, కుర్చీలు వేసుకునే చోటు ఒకే లెక్కన చూడకూడదు. కుర్చీ కాళ్ళు సన్నగా ఉంటే పెద్ద సందులున్న పేవర్ల మీద కుంటుతాయి. పడమటి ఎండ పడే చోట నల్ల కడప రాయి మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు. మరీ తెల్లగా ఉండేది కళ్ళకు గుచ్చుకుంటుంది. బూడిద రంగు రెంటికీ మధ్యన సర్దుకుంటుంది.

చెట్టు ఉంటే దాని మొదలు చుట్టూ కనీసం మూడడుగులు ఏమీ వేయకండి. కొబ్బరి అయినా సంపంగి అయినా వేళ్ళకు నీరు, గాలి అందాలి.

నిమ్మకాయ తీసుకుని యార్డుకు వెళ్ళండి

బెంగళూరు యార్డుల్లో ఆరుబయటికి అమ్మే రాళ్ళు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సున్నపురాయి జాతి: మా బేతంచర్ల నాపరాయి, వికారాబాద్ జిల్లా తాండూరు రాయి, కలబురగి జిల్లా షాబాదు బండ, రాజస్థాన్ నుంచి వచ్చే కోట రాయి. రెండోది గ్రానైట్ జాతి: దేవనహళ్ళి వైపు సాదరహళ్ళి రాయి అందరికీ తెలిసిన పేరు. ఈ ఊరు కూర్చున్నదే ఆ జాతి రాతి మీద. లాల్‌బాగ్‌లో ఎక్కి ఫొటోలు తీసుకునే ఆ గుట్ట దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిదని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. విధానసౌధ కట్టింది కూడా గ్రానైట్‌తోనే, 1956లో పూర్తయింది. ఎండకూ వానకూ నిలిచే రాయి ఏదో ఈ ఊళ్ళో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఏది ఏ జాతో తెలియకపోతే రాతి మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. సున్నపురాయి అయితే సన్నగా బుడగలు వస్తాయి, తుడిచాక అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. గ్రానైట్ అయితే ఏమీ కాదు. ఇది సరదా పరీక్ష కాదు. రేపు మీరు ఆ పెరట్లో చింతపండు పిసికిన నీళ్ళు ఒలకబోస్తారు, పులిహోర గిన్నె కడుగుతారు. పనమ్మాయి బాత్‌రూమ్ యాసిడ్ తెచ్చి మచ్చ పోతుందని రుద్దుతుంది. సున్నపురాయి ఆ ముచ్చట ఎక్కువ కాలం భరించదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉన్న పెరడైతే గ్రానైట్ తీసుకోమనే చెబుతాను. నాపరాయి మీద మనసుంటే వంటింటికి దూరంగా, మొక్కల మధ్య బాటకు వాడుకోండి. పాతబడే కొద్దీ దానికి వచ్చే నునుపు, ఆ నీలి బూడిద రంగు నాకు ఏ గ్రానైట్‌లోనూ కనపడలేదు.

నాపరాయి కొనేటప్పుడు పై ముఖం కాదు, పక్క అంచు చూడండి. అంచులో మట్టి రంగు గీతలు అడ్డంగా కనపడితే ఆ పొర దగ్గర నీరు దిగి, కొన్నాళ్ళకు పైపొర రేకులుగా లేస్తుంది. బండను ఒక మూల ఆనించి నిలబెట్టి నాణెంతో కొట్టండి. ఖంగుమంటే మంచిది, చప్పిడి శబ్దం వస్తే లోపల పగులు ఉన్నట్టే. తర్వాత ఒక బకెట్ నీళ్ళు పోయమనండి. పొడిగా ఉన్నప్పుడు యార్డులో రాళ్ళన్నీ ఒకే దుమ్ము రంగులో కనిపిస్తాయి, తడిస్తేనే అసలు రంగు బయటపడుతుంది. ఒకే లోడులో ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసి ఉన్నాయేమో అప్పుడే తెలుస్తుంది. లేత రంగు గ్రానైట్లలో కొన్నిటికి ఇనుము కలిసి ఉంటుంది, అవి తడికి పసుపు మచ్చలు తేలతాయి. యార్డు వెనక వానకు తడుస్తూ పడి ఉన్న పాత ముక్కలు చూస్తే ఆ రాయి సంగతి తెలిసిపోతుంది. ముందు వరసలో పెట్టిన శాంపిల్ ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

బరువు కూడా ముందే ఆలోచించుకోండి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న గ్రానైట్ బండ సరిగ్గా ఒక ఘనపుటడుగు, అంటే 75 కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఇద్దరు పట్టుకుని మూడడుగుల పక్క సందులోంచి వెనక పెరట్లోకి తేవాలి. మధ్యలో మెట్లుంటే మోసే కూలి రాయి ధరలో సగానికి పోయినా ఆశ్చర్యపోకండి. వెనక పెరటికి అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న బండలు చాలు.

పేవర్లకు వంటింటి త్రాసు చాలు

పేవర్లు రెండు రకాలుగా తయారవుతాయి. రబ్బరు అచ్చుల్లో పలచటి కాంక్రీటు పోసి ఆరబెట్టేవి ఒక రకం. వాటి పై ముఖం నున్నగా, తళతళలాడుతూ ఉంటుంది. ప్రెస్ మెషీన్‌లో తక్కువ నీటి కాంక్రీటును వైబ్రేట్ చేసి ఒత్తేవి రెండో రకం. ఇవి గరుకుగా, అందవికారంగా ఉంటాయి. అందవికారంగా ఉన్నవే తీసుకోండి. మెరిసేవి తడికి జారతాయి, పై మెరుపు పోయాక పాతబడినట్టు కనిపిస్తాయి.

మన దేశంలో పేవర్లకు ఐ.ఎస్. 15658 అనే ప్రమాణం ఉంది. ఆ ప్రకారం మనుషులు మాత్రమే నడిచే చోటుకు 50 మిల్లీమీటర్ల మందం, తేలికపాటి వాహనాలకు 60, అంతకు మించితే 80, ఆ పైన. ఇంట్లో కారు ఎక్కే చోట 60కి తగ్గకండి. రోజూ పెద్ద బండి ఎక్కి దిగుతుంటే 80 వేయించండి. సిట్‌అవుట్‌కి 50 చాలు గానీ, ముందూ వెనకా 60 తీసుకుంటే మిగిలినవి అటూ ఇటూ వాడుకోవచ్చు.

అదే ప్రమాణంలో నీరు పీల్చడం గురించి కూడా ఉంది: సగటున 6 శాతం మించకూడదు. దీన్ని ఇంట్లోనే సుమారుగా చూసుకోవచ్చు. యార్డులో శాంపిల్‌గా ఇచ్చింది కాకుండా, గుట్ట మధ్యలోంచి మీరే మూడు దిమ్మెలు లాగి తెచ్చుకోండి. రెండు మూడు రోజులు ఎండలో పెట్టి వంటింటి త్రాసు మీద తూచండి. 200×100 మిల్లీమీటర్ల సైజు, 60 మందం ఉన్న దిమ్మె 2.7 కిలోల దగ్గర ఉంటుంది. బకెట్ నీళ్ళలో ఒక రోజంతా ముంచి, తీసి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. 160 గ్రాముల కన్నా ఎక్కువ పెరిగితే ఆ సరుకు వదిలేయండి. అందులో సిమెంటు తక్కువో, ఒత్తిడి తక్కువో. రెండు దిమ్మెలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. మూల రాలకూడదు.

పోత పోసిన తేదీ అడగండి. 28 రోజులు నిండని సరుకు తెస్తే దింపుకునేటప్పుడే అంచులు రాలిపోతాయి. రంగు పేవర్లయితే ఒకదాన్ని పగలగొట్టించి చూడండి, రంగు పైన ఎంత లోతు దాకా ఉందో తెలుస్తుంది. ఎరుపు, బూడిద రంగులు ఎండకు బాగా నిలుస్తాయి. మిగతా హంగు రంగుల జోలికి పోకపోవడమే నయం.

వేసిన కొద్ది వారాలకు పేవర్ల మీద తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి. అది సిమెంటులోని సున్నం తడితో పైకి వచ్చి గాలికి గట్టిపడటం. వానలకు కడుక్కుపోతుంది. దానికి యాసిడ్ పోయించమని చెప్పేవాళ్ళ మాట వినొద్దు. యాసిడ్ పేవర్‌లోని సిమెంటునూ తినేస్తుంది.

డబ్బు కనపడని చోట పెట్టండి

రాయి అయినా పేవర్ అయినా చెడిపోయేది పైన కాదు, కింద. కాంట్రాక్టర్లు ఎక్కువగా మిగుల్చుకునేది కూడా అక్కడే, ఎందుకంటే పని అయ్యాక కంటికి కనపడదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో పేవర్లు పచ్చి మట్టి మీద రెండంగుళాల రాతి పొడి పోసి పరిచారు. మొదటి అక్టోబరు వానలకే కారు చక్రాల దారి మేర రెండు కాలువలు పడ్డాయి.

ముందు మట్టాలు చూసుకోండి. పరిచిన తర్వాత పై మట్టం ఇంటి లోపలి నేల కన్నా కనీసం ఆరంగుళాలు కిందుండాలి. లేకపోతే గోడ అడుగు చెమ్మ పీలుస్తుంది. వాలు ఇంటి నుంచి బయటికి, పదడుగులకు రెండంగుళాలు. ట్యూబ్ లెవెల్‌తో, అంటే నీళ్ళు నింపిన గొట్టంతో, గోడ మీద గీత గీయించి, అక్కడినుంచి దారం కట్టించండి. మేస్త్రీ కంటి చూపుతో చూశానంటే ఒప్పుకోకండి. సంపు మూత సంగతి చాలామంది మరచిపోతారు. పేవర్లు వేశాక నేల మట్టం పెరిగి సంపు మూతతో సమానమవుతుంది, వాకిట్లో మురికి వాన నీళ్ళు తాగే నీళ్ళలోకి దిగుతాయి. మూత చుట్టూ రెండు మూడు అంగుళాల కట్ట కట్టించి, మూతను పైకి లేపించాకే పరచడం మొదలుపెట్టాలి.

పేవర్లకు 10×12 అడుగుల చోటు లెక్క చెబుతాను. తొమ్మిది అంగుళాలు తవ్వాలి. అడుగు మట్టిని తడిపి దిమ్మిస కొట్టించండి. దాని మీద ముప్పావు అంగుళం జల్లి (కంకర రాళ్ళు), చిన్న జల్లి, రాతి పొడి కలిపిన కంకర వేసి అణచాలి. అణిగాక నాలుగు నుంచి ఆరంగుళాలు నిలవాలి. నాలుగంగుళాలంటే 40 ఘనపుటడుగులు, వదులుగా పోసినప్పుడు దానికి మూడో వంతు కలిపి చెప్పండి. ఒకేసారి అంతా పోసి అణిచితే పైన గట్టిగా, కింద మెత్తగా ఉంటుంది. రెండు వరసలుగా పోసి, ప్రతి వరసనూ తడిపి ప్లేట్ కాంపాక్టర్‌తో తొక్కించాలి. మెషీన్ అద్దెకు దొరుకుతుంది. "అమ్మా, చేత్తో కొడితే చాలు" అంటారు. పక్క సందుకైతే సరే, కారు చోటికి చాలదు. సంపు స్లాబు మీదికి మాత్రం మెషీన్ ఎక్కనివ్వకండి.

దాని మీద అంగుళం పైచిలుకు ఇసుక. ఇక్కడ రాయిని మరలో పిండి చేసిన ఇసుకలో ఎం-శాండ్, పీ-శాండ్ అని రెండు దొరుకుతాయి. కావలసింది గరుకుగా ఉండే ఎం-శాండ్. ప్లాస్టరింగ్‌కు వాడే పీ-శాండ్ మెత్తన, రాతి పొడి ఇంకా మెత్తన. రెండూ నీళ్ళు నిలుపుకుని బురదవుతాయి, బురద సందుల్లోంచి పైకి ఎగదన్నుతుంది. రెండు పక్కలా అంగుళం పైపులు పెట్టి, వాటి మీద అల్యూమినియం బద్ద లాగితే ఇసుక ఒకే మందంలో వస్తుంది. లాగిన ఇసుక మీద ఎవరూ నడవకూడదు. 10×12కు పదిహేను ఘనపుటడుగుల ఇసుక తెప్పిస్తే సరిపోతుంది.

200×100 సైజు దిమ్మెలు చదరపు మీటరుకు 50 పడతాయి. 10×12 అడుగులకు సుమారు 560, కోతకు పోయేవి కలిపి 590 చెప్పండి. కారు చోట అడ్డం నిలువుగా చేప ముల్లు వరసలో పెట్టించండి, చక్రం తిరిగినప్పుడు దిమ్మెలు కదలవు. సందు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. నాలుగు వైపులా అంచు రాళ్ళు కాంక్రీటులో బిగించాలి. అంచు లేని పేవర్లు ఏడాదిలో పక్కలకు జరిగి సందులు నోళ్ళు తెరుస్తాయి. ఆ తర్వాత మెషీన్ కింద రబ్బరు షీటు కట్టి ఒకసారి తొక్కించి, ఎండిన సన్న ఇసుక ఊడ్చి సందులు నింపి, మళ్ళీ తొక్కించి, మళ్ళీ నింపాలి. ఈ రెండోసారి నింపడం చాలామంది ఎగ్గొడతారు. డబ్బు ఇచ్చే ముందు ఒక దిమ్మెను వేళ్ళతో లాగి చూడండి, కదలకూడదు.

రాయికి పద్ధతి వేరు. అణచిన నేల మీద సిమెంటు, ఇసుక, జల్లి 1:4:8 పాళ్ళలో కలిపిన నాలుగంగుళాల కాంక్రీటు, అది గట్టిపడ్డాక అంగుళం నుంచి అంగుళంన్నర సిమెంటు మాలు, దాని మీద బండ. మాలు బండ కింద పూర్తిగా ఉండాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి బండ కూర్చోబెట్టే మేస్త్రీలున్నారు. పని త్వరగా అవుతుంది, మధ్యలో డొల్ల మిగులుతుంది, పూలకుండీ పడితే బండ రెండు ముక్కలు. మర్నాడు తాపీ పిడితో ప్రతి బండా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన వాటిని అప్పుడే తీయించండి, వారం దాటితే తీయడానికి ఒప్పుకోరు. ఆరుబయట బండల మధ్య సందు లేకుండా దగ్గరగా కూర్చమని అడగొద్దు. ఎండకు రాయి పెరుగుతుంది, కనీసం పావు అంగుళం సందు ఉండాలి. పరిచాక వారం రోజులు తడుపుతూ ఉండాలి. మాలు పెట్టకముందే బండలన్నీ నేల మీద పొడిగా పరిచి, రంగులు చూసుకుని అటూ ఇటూ మార్చుకోండి. ఈ పనికి ఇంటివాళ్ళు పక్కన ఉండాల్సిందే. మేస్త్రీకి చేతికి అందిందే మంచి రాయి.

ఇక వాన నీళ్ళు. 2009లో జలమండలి చట్టాన్ని సవరించి బెంగళూరులో ఒక విస్తీర్ణం దాటిన సైట్లకు వాన నీటి సేకరణ తప్పనిసరి చేశారు, అయినా పెరట్లో పడిన నీళ్ళు చాలా ఇళ్ళలో నేరుగా వీధి కాలువలోకే పోతాయి. కంకర మీద వేసిన పేవర్ల సందుల్లోంచి కొంత నీరు నేలలోకి ఇంకుతుంది. కింద కాంక్రీటు పోసి పైన పేవర్లు వేస్తే ఇంకేది ఏమీ ఉండదు, రాయికి పేవర్‌కు ఆ విషయంలో తేడా లేదు. రాయి వేయించేవాళ్ళు వాలును మొక్కల మడి వైపో ఇంకుడు గుంత వైపో తిప్పించండి.

పనికి మంచి కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తవ్విన గుంత చెరువవుతుంది.

రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగుకు ఎంత అని మాత్రమే అడిగితే మోసపోతారు. తవ్వకం, మట్టి ఎత్తిపోయడం, కంకర మందం, ఇసుక రకం, అంచు రాళ్ళు, కోత, మోత, వృథా ఎవరి లెక్కలో ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా మంచి గ్రానైట్ పేవర్ల కన్నా బాగా ఖరీదు పడుతుంది. సాదా నాపరాయి మాత్రం పేవర్ల దరిదాపుల్లో ఉంటుంది, దాని కింద పోయాల్సిన కాంక్రీటుతోనే లెక్క మారిపోతుంది.

వేసిన తర్వాత

పేవర్ల సందుల్లో చీమలు ఇసుక తోడి పైన కుప్పలు పోస్తాయి, తుంగ మొలుస్తుంది. తుంగను చిన్నగా ఉన్నప్పుడే గడ్డతో సహా లాగాలి. ఏడాదికోసారి, వానలు వెనక్కి తగ్గాక, ఎండిన ఇసుక ఊడ్చి సందులు నింపుకుంటే చాలు. ప్రెషర్ వాషర్‌తో కడిగించకండి, సందుల్లో ఇసుకంతా ఎగిరిపోతుంది. నీడ పట్టున రెంటి మీదా పాచి పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు చల్లి, కాసేపు ఆగి, గట్టి ఈనెల చీపురుతో రుద్దితే పోతుంది. మొక్కల మీద పడకుండా చూసుకోవాలి. దీపాల నూనె మచ్చ పడితే వెంటనే సుద్దపొడో ముగ్గు పిండో చల్లి పీల్చుకోనివ్వండి. తులసి కోట దగ్గర రాయి వేయించేవాళ్ళు ప్రమిదల కింద చిన్న పళ్ళెం పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

భోగి మంట మాత్రం రాతి మీద వేయకండి. ఫ్లేమ్డ్ గ్రానైట్ అని మనం కొనేది ఎలా తయారవుతుందంటే, రాతి ముఖం మీద మంట పెడితే పైనున్న గింజలు వేడికి ఉబ్బి చిట్లి ఎగిరిపోతాయి, అందువల్లే ఆ గరుకు. భోగి మంట అదే పనిని, అదుపు లేకుండా, ఇంకా లోతుగా చేస్తుంది. పెళుసుగా రేకులు ఎగిరి పిల్లల మీద కూడా పడొచ్చు. కాంక్రీటు పేవర్లు కూడా వేడికి చిట్లుతాయి. మట్టి నేల లేని ఇంట్లో మంట వేయాలంటే పాత ఇనుప గమేళాను ఇటుకల మీద ఎత్తుగా పెట్టి అందులో వేసుకోండి. ఇటుకల కింద నాలుగంగుళాల ఇసుక పోసుకోవాలి.

మిగిలిన దిమ్మెలు, బండ ముక్కలు ఎవరికీ ఇచ్చేయకండి. పాతిక పేవర్లు, నాలుగు బండలు మేడ మీద వానకూ ఎండకూ తగిలేలా పెట్టండి. లోపల దాచిపెడితే రంగు కొత్తగానే ఉండిపోయి, అవసరమైనప్పుడు అతుకు వేసినట్టు కనపడతాయి.